మామిడి మానుపై పాచి: గుర్తించు విధము, చేయదగిన పని

జి. కొండూరు, మైలవరము, నూజివీడు ప్రాంతముల మామిడి తోటలలో తొలకరి వానలు పడిన పిమ్మట ముసలి చెట్ల మానులు పచ్చబడుట రైతులందరు ఎరిగిన సంగతియే. మొదలు చుట్టును, పంగలలోను, ఎండ తక్కువగా సోకు వైపు బెరడు మీదను మెత్తని పాచి పెరుగును. పై కొమ్మల మీద బూడిద రంగు మచ్చలు, రేకులు కనబడును. వీనిని చూచి చెట్టుకు తెగులు తగిలినదని భయపడు రైతులు పెక్కుమంది ఉన్నారు. కొందరు కత్తితో గీకించుచున్నారు. కొందరు కిరసనాయిలు పూయించుచున్నారు. మరికొందరు దుకాణములో ఇచ్చిన మందునెల్ల చల్లించి డబ్బు పోగొట్టుకొనుచున్నారు.

కొంతకాలము క్రిందట జి. కొండూరు చేరువ నొక బంగినపల్లి తోటను చూడబోయితిని. తోట యజమాని వయసు చెల్లిన రైతు. "పాచి పట్టి చెట్లు చచ్చిపోతున్నాయండీ మాస్టారూ, మనుషుల్ని పెట్టి శుభ్రంగా గీకించేశాను" అని చెప్పి మానులను చూపించినారు. మానులు శుభ్రముగానే ఉన్నవి. కాని కత్తి తగిలిన చోటునెల్ల బెరడు లేచిపోయి బంక కారుచున్నది. రెండు చెట్ల మొదట కొయ్యపొట్టు రాలి యున్నది. అనగా ఆ గాయముల వద్ద మాను తొలుచు పురుగు చేరినదన్నమాట. తల పైకెత్తి చూచితిని. ఎండుచున్న కొమ్మలలో గుబురుగా నాలుగైదు బదనిక గుత్తులు ఉన్నవి. "వాటిని ఎందుకు తీయించలేదు బాబాయిగారూ?" అని అడిగితిని. "అవి పచ్చగా ఉన్నాయి కదండీ. చెట్టుదే మంచి కొమ్మ అనుకున్నాను" అన్నారు.

హాని చేయని దానిని గీకించి, హాని చేయు దానిని విడిచిపెట్టుట జరిగినది. ఇది ఆ రైతు ఒక్కరి పొరపాటు కాదు. మాను మీద పెరుగునది ఏదియో గుర్తుపట్టుట తెలియకపోవుటయే దీనికి కారణము. ఆ గుర్తులను ఈ వ్యాసములో వివరించెదము. ఇందుకు పెద్ద పరికరములు అక్కరలేదు. మీ కన్ను, మీ గోరు, ఒక చెంబెడు నీరు, వీలైన ఒక చిన్న భూతద్దము చాలును.

నాచు అనగా నేమి?

చెరువులో తేలు పచ్చని తీగలను మనము నాచు అందుము. మాను మీద పెరుగు మెత్తని పచ్చదనమును కూడ నాచు అనియో, పాచి అనియో అందుము. పేరు ఒకటే అయినను ఇవి వేరు వేరు. చెరువులోనిది శైవలము. దానికి ఆకు, కాడ అను భేదము లేదు. మాను మీది నాచు చిన్నదైనను ఆకులు, కాడ గల మొక్క. ప్రపంచములో ఇట్టి నాచు జాతులు సుమారు 12,000 ఉన్నవి.

ఈ మొక్కకు పూవు లేదు, కాయ లేదు, విత్తనము లేదు. సన్నని కాడ చివర చిన్న గింజ వంటి తిత్తి ఏర్పడి, అందుండి పొడి వంటి బీజములు గాలిలో ఎగిరి వ్యాపించును. నిజమైన వేరు కూడ దీనికి లేదు. మొదట నుండు గోధుమ రంగు నూలు పోగులు బెరడును పట్టుకొని నిలుచుటకు మాత్రమే ఉపయోగపడును. వీనిలో చెట్టు రసమును పీల్చు నిర్మాణము లేదు. నాచు తనకు కావలసిన నీటిని వాన నుండి, మంచు నుండి, మాను మీదుగా జారు తడి నుండి తన ఆకులతోనే త్రాగును. తన ఆహారమును ఎండ వెలుతురులో తానే తయారు చేసికొనును. చెట్టు దానికి నిలువ నీడ ఇచ్చునే గాని కూడు పెట్టదు.

వేసవిలో నాచు ముడుచుకొని గోధుమ రంగుకు తిరిగి చచ్చినట్లు కనబడును. కాని చావదు. వాన పడిన కొలది నిమిషములలో ఆకులు విప్పుకొని తిరిగి పచ్చబడును. మామిడికి ఎండినచో మరల పచ్చబడు శక్తి లేదు, నాచుకు గలదు. ఎండలు మెండైన మన మెట్టభూములలో కూడ అది బ్రతుకుటకు ఇదియే కారణము.

కొండ అడవుల నుండి ఒక పాఠము

అరకు, అనంతగిరి, చింతపల్లి కొండలకు పోయి వచ్చిన రైతులు అచ్చటి చెట్లను చూచియే యుందురు. పొగమంచు కమ్ము లోయలలో మానులు మన చెట్ల కంటె ఎన్నో రెట్లు నాచుతో కప్పబడి యుండును. ఇంకను ఎత్తైన కొడైకెనాలు, నీలగిరి ప్రాంతముల షోలా అడవులలో నాచు మానును కప్పుటయే గాక, కొమ్మల నుండి జడల వలె క్రిందికి వ్రేలాడుచుండును. ఇట్లు వ్రేలాడు నాచులలో మెటియోరియేసీ అను కుటుంబము వారివి ముఖ్యమైనవి. సముద్రమట్టమునకు రెండువేల మీటర్ల ఎత్తున నెలల తరబడి మబ్బు చెట్లను తాకుచుండుటచే, నాచుకు గాలిలోనే నీరు దొరకును. అందువలన దానికి బెరడును అంటియుండు అగత్యము లేక గాలిలోనికి పెరుగును.

మన వైపు ఆ తడి లేదు. కావున మన తోటలలోని నాచు పొట్టిగా, బెరడుకు అంటుకొని, తివాచీ వలె పెరుగును. ఉష్ణ ప్రదేశములలో కొబ్బరి, తాటి, మామిడి మానుల మీద కనబడు ఒక నాచు పేరు ఆక్టోబ్లెఫారమ్ ఆల్బిడమ్. దీని ఆకులు దళసరిగా, తెలుపు కలిసిన లేతపచ్చ రంగులో ఉండుటచే దూరము నుండియే తెలిసికొనవచ్చును. తక్కిన జాతులను వేరు చేయవలెనన్న ఆకు ఆకారము, నడిమి ఈనె, తిత్తి మూతి మొదలగువానిని సూక్ష్మదర్శినితో చూడవలెను. అది వృక్షశాస్త్రజ్ఞుల పని. జాతి పేరు తెలియకున్నను రైతుకు నష్టము లేదు. అది నాచు అవునా కాదా అను ఒక్క సంగతి తెలిసిన చాలును.

ఆ కొండ అడవుల వృక్షములు తరతరములుగా నాచును మోయుచు ఆరోగ్యముగా నిలిచి యున్నవి. నాచే చెట్టును చంపునదైనచో ఆ అడవులు ఏనాడో మోడులై యుండెడివి. మన తోటలో పల్చని పాచిని చూచి కలత చెందు రైతు ఈ సంగతిని మనసులో ఉంచుకొనవలెను.

ఏది ఏదియో గుర్తించుట

మామిడి చెట్టు మీద సాధారణముగా కనబడునవి ఆరు. ఒక్కొక్కదాని గుర్తులు ఇవి.

1. నాచు. ముట్టుకొనిన మెత్తగా ముఖమలు వలె ఉండును. ఎండాకాలములో అనుమానము వచ్చినచో దాని మీద నీరు చిలకరించి కొంచెము సేపు ఆగుడు. పచ్చబడి చిన్న ఆకులు విప్పుకొనినచో అది నాచే. వ్రేళ్ళతో పట్టి లాగిన చిన్న కుచ్చుగా ఊడివచ్చును. దాని క్రింది బెరడు గాయము లేక గట్టిగా ఉండును. హాని లేదు.

2. లైకెన్. దీనికి శైలేయమని పేరు. మీ ఇంటి వంటగదిలో మసాలా దినుసులలో ఉండు రాతిపువ్వు ఈ తెగకు చెందినదే. ఆ రాతిపువ్వును ఒకసారి చేతిలోనికి తీసికొని చూచిన పిమ్మట తోటలో దీనిని గుర్తుపట్టుట సులభము. ఇది ఒక మొక్క కాదు. ఒక శిలీంధ్రమును ఒక శైవలమును కలిసి కాపురము చేయుచు ఒకే రూపము దాల్చినవి. కొన్ని సున్నము చల్లినట్లు బెరడుకు అంటుకొని మచ్చలుగా ఉండును. కొన్ని అంచులు లేచిన రేకుల వలె ఉండును. కొన్ని గడ్డము వలె వ్రేలాడును. బూడిద, లేతపచ్చ, పసుపు రంగులలో ఉండును. తడిపిన మెత్తబడి పచ్చదనము కొంత హెచ్చును గాని ఆకులు విప్పవు. హాని లేదు. పైగా లైకెన్లు గాలిలోని గంధకపు పొగను ఓర్వలేవు. 1866లో నైలాండర్ అను శాస్త్రజ్ఞుడు పారిస్ నగరములో లైకెన్లకును గాలి శుభ్రతకును గల సంబంధమును గమనించి ప్రకటించెను. కావున లైకెన్లు సమృద్ధిగా పెరుగుట గాలి శుభ్రతకు ఒక గుర్తు.

3. ఎర్రతుప్పు. ఇది సెఫాల్యూరస్ అను శైవలము వలన కలుగు తెగులు. ముఖ్యముగా ఆకుల మీద, లేత కొమ్మల మీద గుండ్రని, కొంచెము ఉబ్బిన మచ్చలుగా కనబడును. మొదట ఆకుపచ్చగాను, తరువాత తుప్పు రంగు ముఖమలు వలెను ఉండును. ఇది ఆకు పై పొర లోనికి చొచ్చుకొని పెరుగును. హాని గలదు.

4. మసి. ఆకులు, కొమ్మలు, పూత మీద పొయ్యి మసి పట్టినట్లు నల్లగా ఉండును. తడి గుడ్డతో తుడిచిన పోవును, క్రింద ఆకు పచ్చగానే ఉండును. తేనెమంచు పురుగులు, పొలుసు పురుగులు విసర్జించు తియ్యని జిగురు మీద ఈ బూజు పెరుగును. కావున మసిని కాదు, పురుగును అదుపు చేయవలెను.

5. బదనిక. ఇది పూలు, కాయలు కాయు నిజమైన మొక్క. దీని ఆకులు దళసరిగా, బూడిద కలిసిన పచ్చ రంగులో ఉండును. ఆకును నలిపి వాసన చూడుడు. మామిడి ఆకుకు మామిడి వాసన ఉండును, బదనిక ఆకుకు ఉండదు. అది కొమ్మను అంటిన చోట ముడి వలె లావు పెరిగి యుండును. ఎంత లాగినను ఊడిరాదు. ఏలననగా దాని పీల్చు వేరు మామిడి కొయ్య లోనికి దిగి నీటిని, లవణములను లాగుకొనును. ముడికి పైనున్న కొమ్మ క్రమముగా ఎండిపోవును. ఇది అసలైన శత్రువు.

6. వాండా వంటి పూలమొక్కలు. మామిడి తోటలలో అక్కడక్కడ పంగలలో పొడవైన దళసరి ఆకులతో, తెల్లని లావు వేళ్ళతో ఒక మొక్క కనబడును. కొందరు దీనిని కూడ బదనిక అని తలంతురు. దీని వేళ్ళు బెరడు పైననే పాకును గాని లోనికి దిగవు. హాని లేదు. దీనిని తీయనక్కర లేదు.

ఈ ఆరింటిలో బెరడు లోనికిగాని, ఆకు లోనికిగాని దిగునవి ఎర్రతుప్పు, బదనిక మాత్రమే. ఈ ఒక్క మాటను గుర్తుంచుకొనిన చాలును: పైన అంటుకొని యున్నది అతిథి, లోనికి దిగినది దొంగ.

నాచు హెచ్చిన చెట్టు ఏమి చెప్పుచున్నది?

"నాచు లేని చెట్టు బాగున్నది, నాచు పట్టిన చెట్టు ఎండుచున్నది. మరి నాచు వలన కాదందురేమి?" అని మీరు అడుగవచ్చును. మంచి ప్రశ్న. ఇందులో కారణము ఏది, ఫలితము ఏది అనునది విచారింపవలెను.

నాచుకును లైకెనుకును కావలసినది కదలక నిలిచియుండు బెరడు. చెట్టు చురుకుగా పెరుగుచున్నపుడు మాను లావెక్కి పై బెరడు పగిలి రాలుచుండును. దానితోపాటు వాని మీద చేరినవి కూడ రాలిపోవును. చెట్టు పెరుగుదల మందగించినపుడు బెరడు అట్లే నిలిచి, వానికి స్థిరనివాసము దొరకును. అట్లే కొమ్మ ఎండి ఆకు రాల్చినచో, లోనికి వెలుతురు వచ్చి లైకెన్లు హెచ్చును. చెట్లు మిక్కిలి దగ్గరగా నుండి తోట చీకటిగా, చెమ్మగా ఉన్నచో నాచు హెచ్చును. అనగా చెట్టు నీరసించుటచే ఇవి హెచ్చుచున్నవి గాని, ఇవి హెచ్చుటచే చెట్టు నీరసించుట లేదు.

కావున ఒక చెట్టు మీద ఇవి అకస్మాత్తుగా హెచ్చుట చూచినచో దానిని ఉత్తరము తెచ్చిన బంట్రోతు వలె చూడుడు. బంట్రోతును తరిమివేసిన ఉత్తరములోని సంగతి మారదు. ఉత్తరమును చదువుడు. పై కొమ్మలలో బదనిక ఉన్నదా? మొదట కొయ్యపొట్టు రాలుచున్నదా? మొదలు చుట్టు నీరు నిలుచుచున్నదా? చెట్ల కొమ్మలు ఒకదానినొకటి కమ్ముకొన్నవా? ఎన్ని ఏండ్లుగా ఎరువు వేయలేదు? వీనిలో ఏదియో ఒకటి అసలు కారణము అయి యుండును.

అయితే ఒక జాగ్రత్త. మిక్కిలి దట్టమైన పాచి క్రిందను, బెరడు పగుళ్ళలోను తేనెమంచు పురుగులు మొదలగునవి పూత లేని కాలములో దాగియుండును. కావున పూత సమయమున ఈ పురుగులకు మందు చల్లునపుడు ఆకులనే గాక మానును కూడ తడుపవలెను.

చేయదగినవి

1. కోత ముగిసిన వెంటనే తోటలో ప్రతి చెట్టు క్రింద నిలిచి పైకి చూడుడు. బదనిక ఉన్న చెట్టుకు సున్నముతో గుర్తు పెట్టుడు.

2. బదనికను దాని పండ్లు పక్వమునకు రాకముందే తీయవలెను. పిట్టలు ఆ జిగురు పండ్లను తిని, విత్తనములను ఇతర కొమ్మలకు అంటించును. ఒక గుత్తిని విడిచినచో తోటయంతటికి వ్యాపించును. చిన్న కొమ్మ అయినచో ముడికి దిగువగా ఒక అడుగు మేర వదలి కొమ్మను కోసివేయవలెను. పైపైన విరిచినచో తిరిగి చిగురించును. పెద్ద కొమ్మ అయి కోయుటకు వీలు లేనిచో, ముడి వద్ద బదనికను చెక్కివేసి, మరల వచ్చు చిగురును ఎప్పటికప్పుడు తీయుచుండవలెను. మీ ఒక్కరి తోటలో తీసిన చాలదు. ఇరుగుపొరుగు రైతులు కూడ ఒకే కాలములో తీయించినపుడే ఫలితము కలుగును.

3. కోసిన చోట బోర్డో పేస్టు పూయవలెను. మైలుతుత్తము 1 కిలో, మంచి రాతి సున్నము 1 కిలో, నీరు 10 లీటర్లు. మైలుతుత్తమును కొంత నీటిలో వేరుగాను, సున్నమును తక్కిన నీటిలో వేరుగాను కరగించి కలుపవలెను. ఇనుప పాత్రలు వాడరాదు. అదే దినమున వాడుకొనవలెను.

4. ఎర్రతుప్పు నిజముగా ఉన్నచో లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడును కలిపి ఆకులు, రెమ్మలు బాగుగా తడియునట్లు చల్లవలెను. లోపలి ఎండు కొమ్మలను, గుబురు కొమ్మలను తీసివేసి గాలి, వెలుతురు ప్రసరించునట్లు చేయవలెను.

5. మొదళ్ళ వద్ద నీరు నిలువకుండ కాలువలు తీయవలెను. మట్టి పరీక్ష చేయించి దాని ప్రకారము ఎరువులు వేయవలెను.

6. పాచి కంటికి ఇంపుగా లేదని తోచినచో వాన తడిలో నున్నపుడు గోనె పట్టాతోగాని కొబ్బరి పీచుతోగాని మెల్లగా రుద్దుడు. అంతకు మించి పని లేదు.

చేయరానివి

1. కత్తి, కొడవలి, ఇనుప బ్రష్షులతో బెరడును గీకరాదు. బెరడు చెట్టుకు చర్మము. దాని అడుగున సన్నని పచ్చని పొరలోనే చెట్టు ఆహారము ప్రయాణము చేయును. గాయము మాను తొలుచు పురుగుకును, బూజు తెగుళ్ళకును తెరిచిన తలుపు.

2. కిరసనాయిలు, పాత ఇంజను నూనె పూయరాదు. పాచితోపాటు బెరడు కూడ చచ్చును.

3. పాచి కొరకు ప్రత్యేకముగా మందులు కొని చల్లరాదు. రాగి మందుకు పాచి చచ్చుట నిజమే. కాని అసలు కారణము ఉన్నంతవరకు తిరిగి పెరుగును, మందు ఖర్చు తిరిగి రాదు.

4. పాచి పట్టినదన్న ఒక్క కారణముచే ముసలి చెట్టును కొట్టివేయరాదు. కొట్టుటకు ముందు కొమ్మను గోటితో కొంచెము గీరి చూడుడు. లోపల పచ్చగా ఉన్నచో ఆ కొమ్మకు ప్రాణమున్నది. చిన్నరసాల ముసలి చెట్టు ఒకటి పోయిన, దాని స్థానములో అంటు నాటి అంతటి కాపును చూచుటకు ఎన్ని ఏండ్లు పట్టునో మీకు నేను చెప్పనక్కర లేదు.

సందేహము తీరకున్నచో

మీరు చూచినది ఈ ఆరింటిలో ఏదియో తేల్చుకొనలేనిచో నమూనాను పంపవచ్చును. రూపాయి బిళ్ళంత మేర నాచునుగాని, ఒక ఆకునుగాని తీసి, నీడలో ఆరబెట్టి, కాగితపు కవరులో ఉంచవలెను. ప్లాస్టిక్ సంచిలో ఉంచినచో చెమ్మ పట్టి కుళ్ళిపోవును. కవరు మీద తేదీ, ఊరు, మామిడి రకము, చెట్టు వయస్సు, నేల నుండి ఎంత ఎత్తున ఏ వైపున పెరిగినదియు వ్రాయవలెను. చెట్టు పైభాగము ఎట్లున్నదియు తప్పక వ్రాయవలెను. ఏలననగా పాచి కంటె ఆ సమాచారమే ముఖ్యమైనది. నూజివీడు మామిడి పరిశోధనా స్థానములోగాని, గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రములోగాని చూపించి సలహా పొందవచ్చును.

మొదట చెప్పిన తోట యజమాని బదనిక కొమ్మలను కోయించి, గాట్లకు బోర్డో పేస్టు పూయించినారు. పురుగు తొలిచిన రంధ్రములను శుభ్రపరచి, మందులో తడిపిన దూదిని పెట్టి, తడిమట్టితో మూయించినారు. మరుసటి వానాకాలము నేను మరల వెళ్ళినపుడు రెండు చెట్లలో ఒకటి దక్కలేదు. రెండవది కొత్త చిగురు తొడిగినది. గీకిన మానుల మీద పాచి యథాప్రకారము పచ్చగా పెరిగి యున్నది. "ఇది ఎటూ పోదన్నమాట" అని ఆయన నవ్వినారు. అవును, పోదు. పోనక్కర లేదు. ఈ ఏడు కోత ముగిసిన పిమ్మట మీరు తోటలోనికి వెళ్ళినపుడు మాను వంక చూచిన తరువాత ఒక్కసారి తల పైకెత్తి కొమ్మల వంక కూడ చూడుడు.